నా పేరు ఊకో

నేను ఒక చిన్న తీగల వాయిద్యాన్ని. మూరకు కాస్త ఎక్కువ పొడవు, నాలుగు తీగలు, పొట్ట మధ్యలో గుండ్రటి రంధ్రం. చూసినవాళ్ళందరూ గిటారు పిల్ల అంటారు. పిల్లను కాను. నేను ఎదగాల్సినంతా ఎదిగాను, ఇంతకన్నా పెరగను. పిట్ట కొంచెం కూత ఘనం అనే సామెత మీరు వినే ఉంటారు. అది నా గురించే పుట్టిందని చెప్పుకోను గానీ, ఎవరైనా అంటే కాదనను.

ముందు మా వంశం సంగతి. మా పూర్వీకులది పోర్చుగల్ వాళ్ళ దీవి అని ఒక మాట ఉంది. అక్కడి నుంచి కొందరు చెరకు తోటల్లో పని వెతుక్కుంటూ ఓడెక్కి, నెలల తరబడి ప్రయాణం చేసి హవాయి దీవుల్లో దిగారట. వాళ్ళలో వడ్రంగులు కూడా ఉన్నారు. దిగీదిగగానే చిన్న వాయిద్యాలు తీసి వాయించారని, వాళ్ళ వేళ్ళు తీగల మీద ఎగురుతుంటే అక్కడి జనం ‘గెంతే పురుగు’ అన్నారని, వాళ్ళ భాషలో ఆ మాటే ఉకులేలే అని చెబుతారు. ఏ పురుగంటే, కుక్కల ఒంటి మీద గెంతుతుందే, అది. అంత సంగీతం వింటే మనుషులకు గుర్తుకొచ్చింది అదన్నమాట. ఇంకొందరు మాత్రం ఆ పేరుకు ‘ఇక్కడికి వచ్చిన కానుక’ అని అర్థం చెబుతారు. ఒక రాణిగారు అలా అన్నారట. రాణులకు మర్యాద తెలుసు. నన్నెవరైనా అడిగితే రాణిగారి అర్థమే చెప్పేదాన్ని, కానీ నన్ను ఎవరూ అడగలేదు.

నేను పుట్టింది మాత్రం ఏ దీవిలోనూ కాదు. సికింద్రాబాదులో, లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనక, ఒక రేకుల షెడ్డులో. అక్కడ ఇసాక్ మేస్త్రి గిటార్లు బాగుచేసేవాడు. చర్చి గిటార్లు, కాలేజీ గిటార్లు, భార్య కోపంతో విసిరికొట్టిన గిటార్లు, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. నన్ను ఆయన ఒక పాత టేకు మంచం తలాపు పలకతో చేశాడు. జనాన్ని నిద్రపుచ్చడం నాకు పుట్టుకతోనే వచ్చిందని అందుకే నా నమ్మకం. పలకను కోసి, చిత్రిక పట్టి, అప్పడమంత పలచన చేశాడు. పక్క చెక్కలను తడిపి, కాలిన ఇనుప గొట్టం మీద వంచాడు. విరిగినప్పుడల్లా యేసయ్యను పిలిచాడు. ఆ రోజు యేసయ్య చాలాసార్లు రావలసి వచ్చింది.

తీగలుగా గాలం వేసే నైలాను దారం కట్టాడు. సాధారణంగా తీగల వాయిద్యాల్లో లావు తీగ పైన ఉంటుంది. నాలో పైదీ సన్నదే, కిందిదీ సన్నదే. ఎక్కడా నొక్కకుండా నాలుగింటినీ కలిపి మీటితే చాలు, చెవికి హాయిగా ఉంటుంది. పాడవడమంటూ జరిగితే అది వేళ్ళు పెట్టిన తరవాతే.

నన్ను కొన్నది అన్వేష్ అనే యువకుడు. మణికొండలో పదో అంతస్తులో కాపురం, కంప్యూటర్ల ఉద్యోగం. భార్య కడుపుతో ఉంది. పుట్టబోయే బిడ్డకు తనే జోలపాట వాయించాలని అతనికి ముచ్చట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ ఆలూ ఉంది, చూలూ ఉంది, లేనిదల్లా తాళం. ఫోనులో వీడియోలు చూస్తూ వాయించేవాడు. వీడియోలో ఆ అమ్మాయి నవ్వుతూ వాయించేది, ఇతను పళ్ళు బిగించి వాయించేవాడు.

బిడ్డ పుట్టింది. అన్వేష్ వాయించాడు, బిడ్డ ఏడ్చింది. అతను శ్రుతి సరిచేసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు, బిడ్డ గొంతు పెంచింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తీగలు మంచివి కావని, కొత్తవి తెప్పించాడు. బిడ్డకు అవీ నచ్చలేదు. మంచి మనిషి పాపం, బిడ్డ మీద విసుక్కోలేదు, నా మీదా విసుక్కోలేదు. నన్ను సోఫా వెనక నిలబెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయాడు. అక్కడ చాలా రోజులు బొద్దింకలతో కాలక్షేపం చేశాను.

ఆ ఇంట్లో బిడ్డను చూసుకోవడానికి నర్సవ్వ అనే ఆయమ్మ వచ్చింది. మెట్‌పల్లి దగ్గర పల్లె ఆమెది. ఒకరోజు ఊడుస్తూ సోఫా వెనక నుంచి నన్ను బయటికి తీసింది. కొంగుతో దుమ్ము దులుపుతుంటే ఆమె బొటనవేలు తగిలి నాలుగు తీగలూ కలిసి మోగాయి. ఉయ్యాల్లో ఏడుస్తున్న బిడ్డ ఠక్కున ఆగింది. నర్సవ్వ నన్ను చూసింది, బిడ్డను చూసింది, చీపురు పక్కన పెట్టి మళ్ళీ మీటింది. ఆమెకు రాగాలు తెలియవు, వేళ్ళు పెట్టడం తెలియదు. విసుర్రాయి తిప్పినట్టు ఒకే తూగులో మీటుతూ కూర్చుంది. బిడ్డ నిద్రపోయింది. నా బతుకులో మొదటిసారి నేను పనికొచ్చాను. ఆ సంతోషం ఇప్పటికీ నా చెక్కలో ఉంది.

సాయంత్రం నర్సవ్వ దీని పేరేమిటని అన్వేష్‌ను అడిగింది. ఉకులేలే అన్నాడతను. ఆమె ఆ మాటను నోట్లో ఒకటికి రెండుసార్లు తిప్పుకుని, పేరు చాలా బాగుందని మెచ్చుకుంది. అయితే ఆమె చెవిన పడింది వేరు. కోస్తా వాళ్ళు ‘ఊరుకో’ అనే మాటను మా వైపు ‘ఊకో’ అంటారు. ఏడ్చే పిల్లను ఎత్తుకుని ఊకో అంటారు. ఎదురు మాట్లాడిన మనిషినీ ఊకో అంటారు. మాట ఒకటే. ఒకచోట బుజ్జగింపు, ఒకచోట గద్దింపు.

బిడ్డను కనబోతున్న కూతురి కోసం నర్సవ్వ పని మానేసి ఊరికి బయలుదేరినప్పుడు, అన్వేష్ ఆమె సంచిలో పాత చీరలతో పాటు నన్నూ పెట్టాడు. దీన్ని వాయించడం మీకే వచ్చు అన్నాడు. నిజం ఒప్పుకున్న మనుషులను నేను ఎక్కువమందిని చూడలేదు, అందుకే అతనంటే నాకు గౌరవం.

ఊళ్ళో నర్సవ్వ ఇంటి అరుగు మధ్యాహ్నమయ్యేసరికి నిండిపోయేది. ఆ వాడలో ఆడవాళ్ళందరిదీ బీడీల పని. చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి చుట్టడం. తంబాకు ఘాటు చంటిపిల్లలకు పడదు. అందుకని వాళ్ళను తెచ్చి నర్సవ్వ దగ్గర వదిలి, తాము ఎదురింటి అరుగు మీద కూర్చునేవారు. ఒక పిల్ల మొదలుపెడితే మిగతావాళ్ళు అందుకునేవారు. నర్సవ్వ నన్ను తీసి ఒళ్ళో పెట్టుకుని మీటేది. అరుగు మీద ఏడుపులు ఒక్కొక్కటిగా ఆగిపోయేవి.

ఇదేమిటని ఎదురింటావిడ అడిగితే నర్సవ్వ గర్వంగా నా పేరు చెప్పి, అర్థం కూడా విప్పింది.

“ఊకోలేలే అంటరు. ఏడ్సే పిల్లను ఊకో అంటది, పండుకున్న పిల్లను లేలే అంటది. పట్నపోల్లు సమజ్ చేస్కొనే పెట్టిండ్రు పేరు.”

అందరూ ఒప్పుకున్నారు. పురుగు పోయింది, కానుక పోయింది, సముద్రం దాటి వచ్చిన చరిత్రంతా తంబాకు పొడితో పాటు గాలికి కొట్టుకుపోయింది. నిద్రపోయిన పిల్లను లేపడం ఏ తల్లికీ అక్కర్లేదు కనక రోజులు గడిచేసరికి ‘లేలే’ కూడా రాలిపోయింది. నేను ఊకోనయ్యాను. ఊకోను తెమ్మంటే నన్ను తెచ్చేవారు. ఊకో ఎక్కడుందంటే మేకుకు ఉందనేవారు. మోగడానికి పుట్టినదానికి మోగకు అని పేరు పెట్టిన మనుషుల తెలివికి నేను నవ్వుకున్నాను. కానీ నిజం చెప్పొద్దూ, ఉకులేలే అన్నప్పుడు నన్ను పిలుస్తున్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. ఊకో అంటే మాత్రం అనిపించింది.

నర్సవ్వ కూతురు గంగామణి పురిటికి వచ్చింది. ఆర్మూరు వైపు పసుపు పండించే ఇంటికి ఇచ్చారు ఆమెను. పొలం ఉంది, భర్త లింబాద్రి మెత్తనివాడు, తిండికి లోటు లేదు. గంగామణి అక్కడ బరువు పెరిగింది, మాట తగ్గింది. అత్త లసుంబాయి చెడ్డ మనిషి కాదు. జ్వరం వస్తే తలకు తడిగుడ్డ వేస్తుంది, పండుగకు మంచి చీర పెడుతుంది. కాకపోతే ఆ ఇంట్లో ఒకే గొంతు ఉండటం అలవాటు, ఆ గొంతు తనది. కోడలు నోరు తెరిస్తే, విత్తనం గురించైనా, వంకాయ గురించైనా, ఒకటే జవాబు: నువ్వు ఊకో. కొన్నాళ్ళకు గంగామణి నోరు తెరవడమే మానేసింది. ఇదంతా ఆమె తల్లితో చెప్పలేదు. పొద్దున అరుగు ఇంకా ఖాళీగా ఉన్నప్పుడు నన్ను కడుపు మీద ఆనించుకుని, తీగలు మెల్లగా మీటుతూ, లోపలి బిడ్డతో చెప్పింది. మధ్యలో నేను ఉన్నాను కనక నాకూ వినబడింది.

ఇంకో మాట కూడా చెప్పింది.

“ఆడపిల్లవైతే నీ పేరు చామంతి. ఎందుకంటే నాకు తెల్వది. మంచిగనిపిస్తది నాకు.”

ఆమెకు కావలసింది ఆ ఒక్కటే. తన బిడ్డకు పేరు తన నోటితో రావాలి. అత్తగారింట్లో అది అయ్యే పని కాదు. పుట్టింట్లో, పిల్లను తొట్టెల్లో, అంటే ఉయ్యాల్లో, వేసి పేరు పెట్టే రోజు అయితే అయినట్టు, లేకపోతే ఇంక ఎన్నటికీ కాదు.

ఆడపిల్లే పుట్టింది. గొంతు మాత్రం ముగ్గురు పిల్లలది. నేను మోగితేనే ఊరుకునేది, ఆగితే అందుకునేది. నా తీగ ఒకటి తెగింది, నర్సవ్వ చెరువులో చేపలు పట్టేవాళ్ళ దగ్గర దారం అడిగి తెచ్చి కట్టింది.

తొట్టెల రోజు రానే వచ్చింది. అత్తవారు ఆటో నిండా దిగారు. ఎండుకొబ్బరి కుడుకలు, పిల్లకు కొత్త బట్టలు, వెండి మొలతాడు తెచ్చారు. వాళ్ళతో రెండు పేర్లు కూడా వచ్చాయి. లసుంబాయి వేములవాడ రాజన్నకు మొక్కుకుంది, రాజేశ్వరి అనే పెట్టాలి. ఆమె కూతురు స్వప్న, అంటే పిల్లకు మేనత్త, నక్షత్రం ప్రకారం వెతికి హిమాన్షిక అని తెచ్చింది. తొట్టెల్లో వేసి చెవిలో పేరు చెప్పేది మేనత్తే కాబట్టి తన మాటే చెల్లాలంది. లింబాద్రి వారం రోజుల నుంచి తల్లికి రాజేశ్వరి బాగుందని, చెల్లెలికి హిమాన్షిక బాగుందని చెబుతూ వచ్చాడట. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇప్పుడు రెండూ కలిపి పెట్టుకుందామన్నాడు. రాజహిమాన్షిక అని పలికి చూసి, నాలుక తడబడి, తనే సిగ్గుపడి బయటికి వెళ్ళిపోయాడు.

పాటలు పాడటానికి వచ్చిన ముత్తయిదువలు పాట ఆపి తగవు వింటున్నారు. తొట్టెల్లో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. చెప్పవలసిన చెవి అక్కడ ఉంది, చెప్పవలసిన పేరే లేదు. నేను గోడకు మేకు మీద వేలాడుతూ గంగామణినే చూస్తున్నాను. ఆమె పెదవులు ఆడాయి, ఆగాయి. మళ్ళీ ఆడాయి. అప్పుడు ధైర్యం చేసింది.

“అత్తమ్మా, నేనొక పేరు అనుకున్న...”

“నువ్వు ఊకో,” అంది లసుంబాయి, కోడలి వైపు చూడకుండానే.

నాకు ఒళ్ళు మండింది. నా పేరు అంత చేదుగా వినబడటం అదే మొదటిసారి. గంగామణి తల దించేసుకుంది. అంతే, అయిపోయిందనుకున్నాను.

అంతలో వంటింటి గుమ్మం దగ్గర గుగ్గిళ్ళలాంటి గుడాలు వడ్డించబోతున్న నర్సవ్వ గిన్నె కింద పెట్టింది. చేయి తుడుచుకుని తిన్నగా వచ్చి, మేకు మీద నుంచి నన్ను తీసి, తొట్టెల పక్కన బాసిపట్లు వేసుకుని కూర్చుంది. మీటడం మొదలుపెట్టింది. పిల్ల ఏడుపు ఆగింది. ముత్తయిదువల గుసగుసలు ఆగాయి. లసుంబాయి, స్వప్న కూడా నోటి దగ్గరికొచ్చిన మాటలు అక్కడే ఉంచుకుని ఇటు చూశారు.

ఇప్పుడు దీన్ని ఎవరు వాయించమన్నారని లసుంబాయి అడిగింది. నర్సవ్వ ఆశ్చర్యంగా ముఖం పెట్టింది.

“నువ్వే గద వదినె, ఊకో అంటివి. తెచ్చిన.”

అది నిజంగా పొరపాటో, కావాలని చేసిందో నేను ఇప్పటికీ చెప్పలేను. నర్సవ్వ అంత అమాయకురాలు కాదు, అంత గడుసుదీ కాదు. ముందు ఎదురింటావిడ కిసుక్కుమంది. తరవాత అరుగు మీద వాళ్ళు, ఆ తరవాత గది అంతా నవ్వింది. సంగతి తెలియని అత్తవారి బంధువులకు ఒకావిడ నా పేరు వివరించింది. వాళ్ళూ నవ్వారు. లసుంబాయికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ఆ ఒక్క క్షణం ఆమె గొంతు ఖాళీగా ఉంది.

నర్సవ్వ మీటుతూనే కూతురి వైపు చూసింది.

“దాని పేరు చామంతి,” అంది గంగామణి.

గట్టిగా అనలేదు. కానీ పిల్ల ఊరుకుంది, జనం ఊరుకున్నారు, అందరికీ వినబడింది. ఎవరి పేరు అది, ఏ దేవుడి పేరు, ఏ నక్షత్రమని ముత్తయిదువల్లో ఒక పెద్దావిడ అడిగింది. ఎవరిదీ కాదని, తనకు నచ్చిందని గంగామణి జవాబు చెప్పింది. మాట వెనక్కి తీసుకోలేదు. నర్సవ్వ బొటనవేలు తూగు తప్పింది. కళ్ళు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేక అలాగే మీటుతోంది.

ఇప్పుడంతా స్వప్న చేతిలో ఉంది. చెవిలో చెప్పవలసింది ఆమె. ఆమె తొట్టెల దగ్గరికి వచ్చి పిల్లను చాలాసేపు చూసింది.

“హిమాన్షిక నా బిడ్డకని దాసుకున్న పేరు అవ్వా,” అంది తల్లితో. మా వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తారు. “మా అత్త ఆమెకు నచ్చింది పెట్టింది. నేను ఊకున్న.”

వంగి, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, చామంతి అంది. ఆచారం ప్రకారం మళ్ళీ అంది, మళ్ళీ అంది. ముత్తయిదువలు పాట అందుకున్నారు. చామంతి తన పేరు విని ఆవులించింది. ఆమె నిద్ర నా పూచీ కనక నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

నేను ఎన్నో చేతుల్లో మోగాను. ఆ రోజు మోగినంత బాగా ఎప్పుడూ మోగలేదు. కానీ ఆ పేరు పలికింది నేను కాదు, గంగామణి. నేను చేసింది కాస్త చోటు ఇవ్వడమే. దానికే ఇంత సంబరమేమిటని మీరు అడగవచ్చు. వాయిద్యాలకు దక్కేది అంతే, అది దక్కినా చాలామందికి తెలియదు.

లసుంబాయి అలిగింది. అలిగి భోజనం మానేయలేదు, అలిగే తింది. పప్పులో ఉప్పు ఎక్కువైందని ఒకసారి, అన్నం పలుకుగా ఉందని ఒకసారి అంది. గంగామణి వడ్డించినప్పుడు పళ్ళెం వైపే చూసింది. పోయేటప్పుడు పిల్లను ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది గానీ పేరు పెట్టి పిలవలేదు. రాజేశ్వరి అని కూడా పిలవలేదు. ఉత్త ‘పోరి’ అంది. పేరు నర్సవ్వ ఇంటి గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోతుందేమోనని నాకు దిగులేసింది.

ఆటో దగ్గరికి అందరూ వెళ్ళారు. నర్సవ్వ నన్ను చంకలో పెట్టుకునే వెళ్ళింది కాబట్టి నేనూ వెళ్ళాను. లసుంబాయి ఎక్కి కూర్చుంది. గంగామణి ఆటో కడ్డీ పట్టుకుని నిలబడింది. ఏం చెప్పాలనుకుందో ఏమో, అత్తమ్మా అని మొదలుపెట్టేసరికి డ్రైవరు బండి స్టార్టు చేశాడు. ఆ చప్పుడులో ఆమె మాట మునిగిపోయింది. గంగామణి కడ్డీ వదిలేసి, అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసింది.

లసుంబాయి ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టింది.

“జర ఆపు బిడ్డా. చామంతి వాళ్ళవ్వ ఏదో చెప్తున్నది, ఇననీయ్.”